మూలుగలో దాచిపెట్టిన తోడు

పోయిన నెల రక్తదానం గురించి రాస్తూ చివర్లో స్టెమ్ సెల్స్ అన్న మాట ఒక్కసారి వాడాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. ఇంటర్ పిల్లల దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళ దాకా అందరూ అడిగారు. కొన్ని చదువుతుంటే మనసు పాడైపోయింది, ఎందుకంటే డబ్బులు కట్టేసిన తర్వాత అడుగుతున్నారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ. స్టెమ్ సెల్స్ మీద ఒక పేరా బట్టీ పట్టేశాను గానీ నిజంగా అర్థం కాలేదు. మామూలు కణానికీ దీనికీ తేడా ఏంటి, ఇన్ని రకాలు ఎందుకు?
- ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: అమ్మాయీ, రాత్రి మీ అమ్మ పాలు తోడు పెట్టేటప్పుడు ఒకసారి వంటింట్లోకెళ్ళి చూడు. గిన్నెడు పెరుగు ఇంటిల్లిపాదీ అన్నంలో కలుపుకుని తినేస్తారు, కానీ అడుగున ఒక్క చెంచాడు మాత్రం అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వదు, అది రేపటికి తోడు. ఆ చెంచాడు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో పెరుక్కి లోటుండదు, అది కూడా తినేస్తే గిన్నె పట్టుకుని పక్కింటికెళ్ళాల్సిందే. మన ఒంట్లో స్టెమ్ సెల్, అంటే మూలకణం, ఆ తోడు లాంటిది. మిగతా కణాలన్నీ ఏదో ఒక పనిలో కుదిరిపోయినవి, ఒకటి ఆక్సిజన్ మోస్తది, ఒకటి కండ ముడుచుకునేలా చేస్తది, ఒకటి సూక్ష్మజీవుల్ని తింటది. మూలకణం మాత్రం ఏ పనిలోనూ కుదురుకోకుండా ఉండి, అవసరం వచ్చినప్పుడు రెండుగా చీలుతుంది, మామూలుగా అందులో ఒకటి తనలాగే మూలకణంగా మిగిలిపోతుంది, రెండోది పనిలోకి దిగుతుంది. తనని తాను మిగుల్చుకోవడం, వేరే కణంగా మారగలగడం, ఈ రెండూ ఉంటేనే దాన్ని స్టెమ్ సెల్ అంటాం. ఈ ముక్క గుర్తుంటే నీ పేరాలో మిగతాదంతా దానంతటదే వస్తది.

రక్తం సంగతి తీసుకో. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, దానికి కేంద్రకమే లేదు కాబట్టి చీలి ఇంకోదాన్ని పుట్టించలేదు. మరి పోయినవాటి చోట కొత్తవి ఎక్కడ్నుంచి వస్తాయి? ఎముకల్లో ఉండే మూలుగ నుంచి. రోజుకి దాదాపు 20 వేల కోట్ల ఎర్రకణాలు అక్కడ తయారవుతాయి, నువ్వీ వాక్యం చదివేలోపే కోటి దాకా పుట్టేసి ఉంటాయి. ఆదివారం మటన్‌లో మూలుగ ఎముక కోసం ఇంట్లో కొట్టుకుంటారు కదా, ఆ కాలి ఎముకలో జారేది చాలావరకు కొవ్వే. మనలాంటి పెద్దవాళ్ళలో రక్తాన్ని తయారుచేసే ఎర్ర మూలుగ ఎక్కువగా తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల్లో ఉంటుంది, అందుకే డాక్టర్లు మూలుగ తియ్యాలంటే తుంటి ఎముక దగ్గర సూది పెడతారు. ఈ కణాలు నిజంగా ఉన్నాయని తేల్చింది కెనడాలో టొరంటోకి చెందిన జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ అనే ఇద్దరు, 1961లో. రేడియేషన్‌తో మూలుగ చచ్చిపోయిన ఎలుకలకి వేరే ఎలుకల మూలుగ ఎక్కిస్తే వాటి ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి, ఒక్కో బొడిపె ఒక్కో కణం నుంచి పుట్టిందని, అందులో రకరకాల రక్తకణాలున్నాయని తర్వాత తెలిసింది.

ఇక రకాలంటావా, ఆ కణం ఎన్ని రకాలుగా మారగలదు అన్నదే అసలు లెక్క. ఫలదీకరణ అయిన మొదటి కణం మొత్తం బిడ్డనీ, మాయనీ (ప్లాసెంటా) కూడా తయారుచెయ్యగలదు. సుమారు 5 రోజుల పిండంలో లోపల ఒక గుప్పెడు కణాలుంటాయి, అవి మాయ తప్ప ఒంట్లో ఏ కణంగా అయినా మారతాయి, ఇవే పిండ మూలకణాలు, మనిషివి మొదటిసారి ల్యాబ్‌లో పెంచింది అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం, 1998లో. కానీ దానికి పిండాన్ని చెడగొట్టాలి, అందుకే దాని మీద అంత గొడవ నడిచింది. పుట్టాక మనలో మిగిలేవి ఇంకా తక్కువ శక్తివి, మూలుగలోది రక్తం వరకే, చర్మంలోది చర్మం వరకే, పేగులోది పేగు లోపలి పొర వరకే. దీన్నంతా తలకిందులు చేసింది జపాన్‌లో క్యోటోకి చెందిన షిన్యా యమనాకా. 2006లో ఎలుక చర్మంలోంచి తీసిన మామూలు కణంలోకి 4 జన్యువుల్ని పంపిస్తే అది వెనక్కి నడిచి పిండ మూలకణంలా అయిపోయింది, మరుసటి ఏడాదే మనిషి కణంతోనూ చేశారు. పెరుగుని మళ్ళీ పాలు చెయ్యడం లాంటిది అన్నమాట! 2012లో ఆయనకీ, ఆయనకన్నా ఎన్నో ఏళ్ళ ముందే కప్పల మీద ఈ దారి చూపించిన జాన్ గర్డన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. నాకైతే ఇప్పటికీ ఆ ప్రయోగం గురించి చదివితే ఒళ్ళు పులకరిస్తది.

ప్రశ్న: మేడమ్, బల్లికి తోక తెగితే మళ్ళీ వస్తుంది కదా, మనకి వేలు తెగితే ఎందుకు రాదు? నేను 7వ తరగతి.
- పెదవాల్తేరు

జవాబు: నాన్నా, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన విశాఖలో చెట్లన్నీ ఎలా అయిపోయాయో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. ఆకు అన్నది లేకుండా మోడులైపోయాయి, కానీ కొన్ని వారాలకి వేపలూ రావిచెట్లూ మళ్ళీ చిగురేశాయి, ఎందుకంటే వాటి కొమ్మల మీద అక్కడక్కడా చిగురు పుట్టించే కణాలు దాగి ఉంటాయి. మొవ్వు విరిగిన కొబ్బరి చెట్టు మాత్రం మళ్ళీ లేవలేదు, దానికి ఆ కణాలున్నది ఆ ఒక్క మొవ్వులోనే. బల్లి తోక మొదట్లో ఇంకో తోకని పెంచగలిగే కణాలు పోగవుతాయి, మన వేలు తెగితే ఒళ్ళు తొందరపడి మచ్చ కట్టి గాయం మూసేస్తుంది. అయితే చిన్నపిల్లలకి గోరు మొదలు మిగిలి ఉండి వేలి చివర కొంచెం తెగితే చాలాసార్లు అది మళ్ళీ పెరుగుతుంది. అలాగని చాకుతో ఆడకు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆవిడకి 7వ నెల. స్కానింగ్‌కి వెళ్ళొచ్చినప్పటి నుంచి ఒకాయన ఫోన్ల మీద ఫోన్లు. బొడ్డుతాడు రక్తం దాచుకోండి, రేపు బిడ్డకి ఏం వచ్చినా ఇదే ఇన్సూరెన్స్ అంటున్నారు, ఈఎంఐ కూడా ఉందంట. మా అత్తగారు కట్టెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు ఒకటి చెప్పాలి, బొడ్డుతాడు రక్తంలో మంచి మూలకణాలున్న మాట నిజం. 1988లో పారిస్‌లో ఫాంకోనీ ఎనీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న ఒక అబ్బాయికి, అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించి బతికించారు, ప్రపంచంలో అదే మొదటిది. కానీ మీరు ఆ వాక్యం ఇంకోసారి చదవండి. చెల్లెలిది అన్నకి ఇచ్చారు. ఎవరిది వాళ్ళకే ఇవ్వలేదు.

మీకు ఫోన్ చేస్తున్నాయన చెప్పనిది ఇదే. మీ బిడ్డకి రేపు తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉందనుకోండి, దాచిన రక్తంలోనూ అదే తప్పు జన్యువు ఉంటుంది, పాడైన పెరుగులోంచి తీసిన తోడుతో మళ్ళీ పాడు పెరుగే కదా తోడుకునేది. రక్తక్యాన్సర్ వచ్చిందనుకోండి, చిన్నపిల్లల్లో కొన్నిసార్లు ఆ తప్పు పుట్టకముందే మొదలై ఉంటుంది, కాబట్టి డాక్టర్లు ఆ సంచి ముట్టుకోవడానికే భయపడతారు, వేరేవాళ్ళదే వెతుకుతారు. పైగా తాడులో దొరికే రక్తం కొంచెమే, అందులో కణాలు చిన్న పిల్లలకి సరిపోతాయేమో గానీ పెద్దయ్యాక ఒక్క సంచి చాలదు. షుగర్‌కి, గుండెకి, మతిమరుపుకి కూడా పనికొస్తుందని రంగు రంగుల కాగితాల్లో వేస్తారు, వాటిలో ఏదీ ఇవాళ ఆమోదం పొందిన వైద్యం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో, సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని సూటిగా రాశారు. తాడు కణజాలం, పాలపళ్ళు, మాయ లాంటివి దాచే బ్యాంకింగ్‌కి అయితే అసలు అనుమతే లేదు.

ఎప్పుడు దాచాలంటే, ఇంట్లో ఇప్పటికే పెద్దబిడ్డకి తలసీమియానో సికిల్ సెల్లో ఇంకేదైనా మార్పిడితో నయమయ్యే జబ్బో ఉంటే. అప్పుడు తప్పకుండా ఆ బిడ్డని చూసే డాక్టర్‌తో మాట్లాడి దాచుకోవాలి. మీ ఇంట్లో అలాంటిది లేకపోతే ఆ డబ్బు మీ ఆవిడ తిండికీ, పుట్టబోయే బిడ్డ టీకాలకీ ఉంచుకోండి, మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. ఇంకొకటి, బిడ్డ పుట్టగానే తాడు కత్తిరించకుండా కనీసం ఒక నిమిషం ఆగమని మీ డాక్టర్‌ని అడగండి, ఆ రక్తం బిడ్డ ఒంట్లోకే వెళ్తుంది, ఐరన్ నిల్వలు పెరుగుతాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. దీనికి ఈఎంఐ అక్కర్లేదు.

ప్రశ్న: అమ్మా, మా మనవడికి 5 ఏళ్ళు. వాళ్ళ తాత తాంబూలంలోకి తెచ్చుకున్న సున్నం ట్యూబు నొక్కితే కంట్లోకి చిమ్మింది. 2 నెలలైంది, కన్ను తెల్లగా పొర కట్టేసింది. స్టెమ్ సెల్ ఆపరేషన్ అంటున్నారు, నమ్మొచ్చా? ఆయన మనవడి మొహం చూళ్ళేక అన్నం మానేశారు.
- అనకాపల్లి

జవాబు: నమ్మొచ్చమ్మా. ఈ పేజీలో నేను ధైర్యంగా నమ్మమని చెప్పేవి కొన్నే, అందులో ఇదొకటి.

అద్దం ముందు నిలబడి మీ కన్ను మీరే చూసుకోండి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట సన్నటి గట్టులాంటి అంచు ఉంటుంది, దాన్ని లింబస్ అంటాం. నల్లగుడ్డు మీద ఉన్న అద్దంలాంటి పొర రోజూ అరిగిపోతూ ఉంటుంది, దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా వేసే మూలకణాలు ఆ గట్టు మీదే కాపురం ఉంటాయి. సున్నం క్షారం, అది పైపైన కాల్చి ఊరుకోదు, లోపలికి తినుకుంటూ పోయి ఆ గట్టునే కాల్చేస్తది. గట్టు తెగిన చెరువులోకి పక్క మడి నీళ్ళు వచ్చేసినట్టు, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదకి పాకేస్తది, మీకు తెల్లగా కనిపిస్తోంది అదే. ఇలాంటప్పుడు నేత్రదానంగా వచ్చిన కార్నియా ఒక్కటే అతికిస్తే నిలవదు, ఎందుకంటే దానికి పొర వేసే కణాలే అక్కడ లేవు.

రెండో కన్ను బాగుంది కాబట్టి మీ వాడు అదృష్టవంతుడు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఒక పద్ధతి కనిపెట్టి 2012లో ప్రచురించారు, దాన్ని స్లెట్ అంటారు. మంచి కంటి గట్టు మీద నుంచి 2 మిల్లీమీటర్ల చిన్న ముక్క తీస్తారు, నువ్వుగింజంత అనుకోండి. దెబ్బతిన్న కంటి మీద పాకిన పొరని తీసేసి, కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొరని శుభ్రం చేసి పరుస్తారు, దాని మీద ఆ ముక్కని ఇంకా చిన్న ముక్కలు చేసి, నారుమడిలోంచి తీసిన నారు ఎడం ఎడంగా నాటినట్టు అతికిస్తారు. అవి వేళ్ళూనుకుని నలువైపులా పాకి మళ్ళీ అద్దంలాంటి పొర వేస్తాయి. అంతకుముందు ఆ ముక్కని వారాల పాటు ల్యాబ్‌లో పెంచి అప్పుడు అతికించేవారు, ఖర్చు ఎక్కువ, రెండుసార్లు ఆపరేషన్. ఇప్పుడు ఒక్కసారే. మన తెలుగునేల మీద పుట్టిన ఈ పద్ధతిని ఇవాళ చాలా దేశాల్లో చేస్తున్నారు, నాకు చాలా గర్వంగా ఉంటుంది. వాళ్ళ ఆసుపత్రి విశాఖలో హనుమంతవాక దగ్గర ఉంది, అక్కడ కార్నియా డాక్టర్‌కి చూపించండి. ఎప్పుడు చెయ్యాలో వాళ్ళే చెప్తారు, కన్ను ఎర్రగా వాచి ఉన్నప్పుడు చెయ్యరు, చల్లబడేదాకా ఆగుతారు. లోపలి పొరల్లో మచ్చ ఉంటే తర్వాత ఇంకో ఆపరేషన్ అవసరం పడొచ్చు, ముందే మనసులో పెట్టుకోండి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రాత్రి డ్యూటీలో ఒక పాపని ఎత్తుకొచ్చారు, ఇదే సున్నం. కంట్లో వాళ్ళమ్మ నెయ్యి వేసి, చనుబాలు పిండి, పైన గుడ్డ కట్టి తీసుకొచ్చింది, అందరూ ప్రేమతోనే చేశారు. రెప్ప తిరగేస్తే లోపల సున్నం ముద్ద ఇంకా అలాగే అతుక్కుని ఉంది, 3 గంటల నుంచి కాలుస్తూనే ఉంది. ఇది చదివేవాళ్ళందరికీ చేతులు జోడించి చెప్తున్నా, కంట్లో సున్నం పడితే నెయ్యి వద్దు, పాలు వద్దు, అక్కడికక్కడే కుళాయి కింద పెట్టి రెప్పలు విప్పి అరగంట సేపు నీళ్ళతో కడుగుతూనే ఉండండి, తర్వాత అదే రోజు కంటి ఆసుపత్రికి. తాతగారికి అన్నం పెట్టండమ్మా, ఆయన తప్పేం లేదు, కాకపోతే ఆ ట్యూబు పిల్లలకి అందని అటక మీద పెట్టమనండి.

ప్రశ్న: ఫేస్ క్రీమ్ మీద యాపిల్ స్టెమ్ సెల్స్ అని ఉంది. వాడితే ముడతలు పోతాయా?
- సీతమ్మధార

జవాబు: యాపిల్ చెట్టు కణం మన చర్మంలో చేరి చర్మం అయిపోదమ్మా. డబ్బాలో ఉండేది ఆ కణాల సారం, బతికున్న కణాలు కూడా కాదు. ఎండలోకి వెళ్ళేముందు సన్‌స్క్రీన్ రాసుకోండి, మన ఊరి ఎండకి అదే ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: నమస్కారం మేడమ్. పాడేరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచర్‌ని. మా 8వ తరగతి అమ్మాయికి సికిల్ సెల్ అని తేలింది. చలికాలం వస్తే కాళ్ళూ నడుమూ పట్టేసి ఏడుస్తుంది. ఎముక మజ్జ మార్పిడితో పూర్తిగా తగ్గిపోతుందని ఎవరో చెప్పారు, నిజమేనా?

జవాబు: నిజమే మాస్టారూ, కానీ దారి పొడుగు, నేను ఉన్నదున్నట్టు చెప్తాను.

ఆ అమ్మాయి మూలుగలో మూలకణాలు బాగానే పనిచేస్తున్నాయి, వాటిలో రాసున్న హిమోగ్లోబిన్ రెసిపీలో ఒక్క అక్షరం తప్పు. దానివల్ల ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, ఆ పట్టేసే నొప్పి అదే. చలి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, జ్వరం ఇవన్నీ దాన్ని రెచ్చగొడతాయి, లంబసింగి చలి మీకు నేను చెప్పాలా. మార్పిడిలో ఏం చేస్తారంటే, మందులతో ఆమె మూలుగని పూర్తిగా తుడిచేసి, సరిపోయే వేరేవాళ్ళ మూలకణాల్ని రక్తం ఎక్కించినట్టే చేతి నరంలోంచో ఛాతీ నరంలోంచో ఎక్కిస్తారు, ఆపరేషన్ ఉండదు. అవి రక్తంలో తిరిగి తిరిగి వాటంతటవే ఎముకల్లోకి వెళ్ళి సర్దుకుంటాయి, దారి ఎవరూ చూపించక్కర్లేదు! నాకు వైద్యంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. దీన్ని మనుషుల్లో నిలబెట్టిన డొనాల్ థామస్‌కి 1990లో నోబెల్ వచ్చింది, మన దేశంలో మొదటిది 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో జరిగింది.

కష్టం ఎక్కడంటే, పక్కింటి తోడు తెచ్చుకోవచ్చు గానీ అది ఒంటికి పడాలి. బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదు, హెచ్ఎల్ఏ అనే గుర్తులు కలవాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒక్కొక్కరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, కలిసినవాళ్ళకి ఆ జబ్బు ఉండకూడదు. తల్లీ తండ్రీ మామూలుగా సగం కలుస్తారు, ఇప్పుడు సగం మ్యాచ్‌తోనూ చేస్తున్నారు గానీ ప్రమాదం ఎక్కువ. కొత్త రక్తం కుదురుకునేలోపు ఇన్ఫెక్షన్లు, కొత్త కణాలు ఒంటి మీదే తిరగబడడం, ఆ మందులవల్ల తర్వాత పిల్లలు పుట్టకపోయే అవకాశం, ఇవన్నీ తల్లిదండ్రులకి వాళ్ళ భాషలో అర్థమయ్యేలా చెప్పి తీరాలి. పూర్తిగా కలిసిన తోబుట్టువు ఉన్న పిల్లల్లో మాత్రం ఎక్కువమంది నయమై బయటపడుతున్నారు. కాబట్టి ఆ అమ్మాయి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ ముందు టెస్టు చేయించండి. రోగి సొంత మూలకణాల్నే బయటికి తీసి, జన్యువుని సరిచేసి, తిరిగి ఎక్కించే చికిత్సకి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి, దాత అవసరమే లేదు, కానీ అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, ఇవాళ మన పిల్లకి అది అందే మాట కాదు. ఈ మాట రాయాలంటే నాకు బాధగా ఉంది.

ఈలోపు ఏం చెయ్యాలంటే హైడ్రాక్సీయూరియా అనే మాత్ర చాలామందికి నొప్పి రోజుల్ని బాగా తగ్గిస్తుంది, డాక్టర్ పర్యవేక్షణలో వాడాలి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు చేస్తున్నారు, మీ పీహెచ్‌సీలో ఆ అమ్మాయి పేరు నమోదైందో లేదో చూడండి, టీకాలు పూర్తి చేయించండి. క్లాసులో పక్కన నీళ్ళ సీసా, రాత్రి రెండు దుప్పట్లు, జ్వరమొస్తే రేపు చూద్దామనకుండా ఆసుపత్రి. ఇవి మీ చేతుల్లో ఉన్నాయి మాస్టారూ.

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాను. మోకాళ్ళు అరిగాయి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్ళీ పెరుగుతుందంట?
- ఉక్కునగరం

జవాబు: దాతల మూలుగ నుంచి పెంచిన కణాలతో చేసిన ఒక ఇంజెక్షన్‌కి మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది, అది కూడా అరుగుదల ఒక మోస్తరుగా ఉన్నవాళ్ళకే. నొప్పి తగ్గొచ్చు గానీ అరిగిపోయిన గుజ్జంతా కొత్తగా పెరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి సార్. ఇంకో సంగతి, చాలాచోట్ల మీ రక్తమే తీసి గిర్రున తిప్పి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న నీరు మోకాల్లో పొడిచి దాన్నే స్టెమ్ సెల్ అని చెప్తున్నారు, అది పీఆర్పీ, అందులో స్టెమ్ సెల్స్ వైద్యం ఏమీ లేదు. ఏ మందో దాని పేరు, అనుమతి కాగితం అడగండి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడుస్తారా, నడవండి, తొడ కండరాల వ్యాయామం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి, నాలుగైదు కిలోలు తగ్గండి. పూర్తిగా అరిగిపోయి ఉంటే మార్పిడి ఆపరేషన్ గురించి భయపడకుండా మాట్లాడండి.

ప్రశ్న: డాక్టరమ్మా, మా బాబుకి 4 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. ఒక క్లినిక్‌లో స్టెమ్ సెల్ 3 సిట్టింగులు ఎక్కిస్తే నడుస్తాడన్నారు. బంగారం తాకట్టు పెట్టి మొదటిదానికి కట్టేశాం. ఏం మార్పు లేదు. రెండోదానికి రమ్మంటున్నారు. ఏటి చెయ్యమంటారు?
- గాజువాక నుంచి ఒక తల్లి

జవాబు: తల్లీ, రెండోదానికి వెళ్ళొద్దు.

నీ తప్పేం లేదు, ముందు అది విను. బిడ్డ నడుస్తాడంటే ఏ తల్లైనా పుస్తెలు తీసి ఇస్తుంది, అది తెలిసినవాళ్ళే ఆ మాట చెప్పారు. సెరిబ్రల్ పాల్సీలో మెదడులో కొంత భాగం పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో దెబ్బతింటుంది. మూలుగలోంచో కొవ్వులోంచో తీసిన కణాల్ని వెన్నులో ఎక్కిస్తే అవి వెళ్ళి మెదడు నరాలుగా మారి ఆ భాగాన్ని తిరిగి కట్టేస్తాయని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. మూలుగ కణం రక్తానికి పుట్టింది. ఐసీఎంఆర్ నియమాల ప్రకారం మామూలు వైద్యంగా ఒప్పుకున్నది రక్తానికి సంబంధించిన మూలకణాల మార్పిడి, ఆపైన డ్రగ్ కంట్రోలర్ విడిగా అనుమతిచ్చిన ఒకటీ అరా. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, వెన్నుపాము దెబ్బలు ఇలాంటివాటికి రిజిస్టరైన క్లినికల్ ట్రయల్‌లో, అంటే పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనలో మాత్రమే ఇవ్వాలి, ట్రయల్ అంటే రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. ఈ ఒక్క గుర్తు చాలు. మీ దగ్గర డబ్బు తీసుకున్నారంటే అది ట్రయల్ కాదు. ట్రయల్ అయితే దేశంలో ట్రయల్స్ నమోదయ్యే జాబితాలో నంబర్, అంటే సీటీఆర్ఐ నంబర్ ఉంటుంది, ఎథిక్స్ కమిటీ కాగితం ఉంటుంది, అడగండి, చూపించలేకపోతే బయటికి వచ్చెయ్యండి.

పని చెయ్యకపోతే పోయేది డబ్బే కదా అని కొందరంటారు, అది కూడా నిజం కాదు. అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్ళకి కళ్ళలో కొవ్వు నుంచి తీసిన స్టెమ్ సెల్స్ అని ఇంజెక్షన్లు చేస్తే ఉన్న చూపు కూడా పోయింది, 2017లో అది వైద్య పత్రికలో వచ్చింది. రష్యాలో మెదడులోకీ వెన్ను చుట్టూ ఉండే నీరులోకీ గర్భస్థ శిశువుల మెదడు మూలకణాలు ఎక్కించుకున్న ఒక అబ్బాయికి అక్కడ ఆ దాత కణాలతోనే గడ్డలు పెరిగినట్టు 2009లో తేల్చారు. చీలి పెరగడమే వాటి స్వభావం కాబట్టి అదుపు తప్పితే ఏమవుద్దో ఊహించుకో.

బాబుకి 4 ఏళ్ళంటే ఇంకా చాలా సమయం ఉంది, వ్యాయామంతో మెదడు కొత్త దారులు నేర్చుకునే వయసే. ఫిజియోథెరపీ, మాట థెరపీ, కాళ్ళకి కాలిపర్లు, బిగుసుకున్న కండకి అవసరమైతే ఇంజెక్షన్, వీటన్నిటికీ ఆధారాలున్నాయి. జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో చూపించండి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత సెంటర్ ఎక్కడుందో బడిలో అడగండి, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. కట్టిన డబ్బు రసీదులు, వాళ్ళిచ్చిన కాగితాలు, ఫోన్ మెసేజ్‌లు అన్నీ భద్రంగా పెట్టు, వాటితో వినియోగదారుల కమిషన్‌కీ, మెడికల్ కౌన్సిల్‌కీ ఫిర్యాదు చెయ్యొచ్చు. రాయడం రాకపోతే పత్రిక ఆఫీసుకి కబురు పంపు, నేను కూర్చుని రాసిస్తాను.

ప్రశ్న: నాకు 11 ఏళ్ళప్పటి నుంచి టైప్ 1 షుగర్. స్టెమ్ సెల్స్‌తో ఇన్సులిన్ మానేశారని వార్త చూశాను. నిజమా?
- అక్కయ్యపాలెం

జవాబు: నిజమే తమ్ముడూ, అది ట్రయల్. మూలకణాల్ని ల్యాబ్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలుగా మార్చి కాలేయంలోకి పంపారు. 2025లో వచ్చిన ఫలితాల్లో పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత బయటి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. కానీ ఆ కణాల్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతూనే ఉండాలి. నాకు దీని మీద చాలా ఆశ ఉంది. నువ్వు మాత్రం ఇవాళ్టి ఇన్సులిన్ ఒక్క డోసు కూడా మానకు, ఇక్కడెవరైనా అదే చేస్తామంటే డబ్బు కట్టకు.

ప్రశ్న: మేడమ్, వయసు 24, రుషికొండలో ఐటీ జాబ్. కాలేజీలో క్యాంపు పెడితే బుగ్గలోపల దూదిపుల్లతో శాంపిల్ ఇచ్చాను. ఇప్పుడు మ్యాచ్ అయిందని మూలకణ దాతల పేర్లు నమోదు చేసే దాత్రి సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దామనే ఉంది. అమ్మ మాత్రం వెన్నులో సూది గుచ్చుతారు, పెళ్ళికాని కుర్రాడివి, నడుం పడిపోతుందని ఏడుస్తోంది.

జవాబు: బాబూ, ముందు ఈ పేజీ అమ్మకి చదివి వినిపించు.

అమ్మా, వెన్నులో సూది గుచ్చరు. ఇవాళ ఎక్కువమంది దాతలు చేతి నరం నుంచే ఇస్తున్నారు. 5 రోజులు రోజుకో చిన్న ఇంజెక్షన్ వేస్తారు, దాంతో మూలుగలోని మూలకణాలు రక్తంలోకి దిగుతాయి, ఆ రోజుల్లో ఒళ్ళు నొప్పులు, జ్వరం వచ్చినట్టు ఉంటుంది, పారాసిటమాల్‌తో సర్దుకుంటుంది. తర్వాత ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే ఒక చేతి నుంచి రక్తం మెషీన్‌లోకి వెళ్ళి, మూలకణాలు మాత్రం సంచిలోకి తీసుకుని, మిగతా రక్తం ఇంకో చేతిలోకి తిరిగొచ్చేస్తది, మూడు నాలుగు గంటలు పడుతుంది. కొందరి దగ్గర మాత్రం మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు, అదీ వెన్నుపాము కాదు, కొన్నాళ్ళు అక్కడ నొప్పి ఉంటుంది అంతే. ఇచ్చినవి కొన్ని వారాల్లో మళ్ళీ నిండిపోతాయి, తోడు మిగుల్చుకోవడమే వాటి పని కదా. పెళ్ళికీ పిల్లలకీ ఏ ఇబ్బందీ లేదు. దానం చేసే ముందు పూర్తి ఆరోగ్య పరీక్ష చేస్తారు, ఏ చిన్న అనుమానం ఉన్నా మీవాడిని వద్దనే అంటారు.

ఇప్పుడు బాబూ నీకు. ఫోన్‌లో అవునన్నంత మాత్రాన అయిపోదు, వద్దనుకునే హక్కు నీకుంది, కానీ వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు. ఎందుకంటే తేదీ ఖాయమయ్యాక అవతల ఆసుపత్రిలో ఆ రోగికి మందులిచ్చి సొంత మూలుగని చంపేస్తారు, ఆ తర్వాత నువ్వు వెనక్కి తగ్గితే ఆ మనిషికి రక్తం తయారుచేసుకోవడానికి ఒంట్లో ఏమీ మిగలదు. ఇలా పెళ్ళివారు ఒప్పుకోలేదనీ, బామ్మ ఏడ్చిందనీ చివర్లో తప్పుకున్నవాళ్ళున్నారు. కాబట్టి ఈ ఆదివారం అమ్మని, నాన్నని కూర్చోబెట్టి వాళ్ళ అనుమానాలన్నీ ఒక కాగితం మీద రాసుకో, దాత్రి వాళ్ళు డాక్టర్‌తో మాట్లాడిస్తారు, స్పీకర్ ఆన్ చేసి అమ్మనే అడగమను. ఆవిడ సరే అన్నాక సంతకం పెట్టు.